తాత పొదిగిన బాతులు

పోయిన నెల పంటి నొప్పితో తిరువళ్ళూరు వెళ్ళాను. అక్కడ మా అన్న కూతురు కోమల ఉంటుంది. తిరుత్తణిలో పళ్ళ డాక్టర్లు లేక కాదు. ఆ వంకతో నాలుగు రోజులు మేనకోడలి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చునని. రైలు దిగి ఆటోలో ఇల్లు చేరానో లేదో, "అత్తా, చెప్పులు ఆడనే వదిలేసి సీక్రం రా!" అని కోమల నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. మంచినీళ్ళు లేవు, పన్నెలా ఉందన్న మాట లేదు. వంటింటి పక్కన స్టూలు మీద ఒక తెల్లటి ప్లాస్టిక్ పెట్టె. దానికి గాజులాంటి మూత, ముందు వైపు ఎర్రగా వెలిగే అంకెలు. లోపల నాలుగైదు బాతుపిల్లలు, అప్పుడే ఆరిన పసుపుపచ్చ బొచ్చుతో ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. మూలన ఒక గుడ్డు మాత్రం మిగిలింది. దానికి చిన్న చిల్లు పడింది. చిల్లులోంచి ముక్కు కొస కనిపిస్తూ ఉంది. నిన్న సాయంత్రం నుంచీ అంతేనట, అడుగు ముందుకు లేదు.

కోమల బ్యాంకులో పని చేస్తుంది. ఆమె మొగుడు దాము శ్రీపెరుంబుదూరు వైపు ఏదో కంపెనీలో ఇంజనీరు. ఆ పూట ఇద్దరూ లీవు పెట్టారు. దాము చేతిలో కనుబొమలు పీకే చిన్న పట్టకారు ఉంది. కూతురు తన్వి ఆ చేతిని గట్టిగా పట్టుకుని, "వద్దు నాన్నా, తీస్తే నెత్తురొస్తాదంట, ఫోన్లో చెప్పినారు" అని గోల చేస్తోంది. "తీయకుండా చచ్చిపోతే ఫోనొచ్చి బతికిస్తాదా?" అని అతని గోల. ముగ్గురూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఇంట్లో పెద్దదాన్ని నేనే గదా, తీర్పు చెప్పాలి. వంగి చూశాను. ముక్కు మెల్లగా ఆడుతోంది. లోపలి పొర ఇంకా తెల్లగా, తడిగానే ఉంది. "ముట్టుకోగాకండి. దానికేం కాలేదు, అలిసిపోయి పడుకోనుండాది. మూత మూసి పోయి టిఫిను తినండి" అన్నాను. అందరం ఇడ్లీల ముందు కూర్చున్నాం గానీ ఎవరి చూపూ పళ్ళెంలో లేదు. సరిగ్గా దాము రెండోసారి సాంబారు పోసుకుంటుండగా పెట్టెలోంచి టప్పుమని చప్పుడైంది. పరిగెత్తి చూస్తే పెంకు రెండు చెక్కలై పడి ఉంది, తడి ముద్దలాంటి పిల్ల వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. తన్వి కేకకు పక్కింటి వాళ్ళు తలుపు తట్టారు. దాము సాంబారు చేత్తోనే చప్పట్లు కొట్టాడు, గోడ మీద చుక్కలు పడ్డాయి. నేను పన్ను సంగతి మరిచిపోయి నోరంతా తెరిచి నవ్వాను.

"నీకెట్ల తెలుసత్తా ఇదంతా? నువ్వు లెక్కల టీచరు గదా!" అని కోమల అడిగింది. "మా తాత పొదిగితే చూసినాను" అన్నాను. "పెంచితేనా?" "పెంచితే కాదే. పొదిగితే." ముగ్గురూ నవ్వీ నవ్వీ నేల మీద కూర్చున్నారు. నేను హాస్యమాడుతున్నానని వాళ్ళ నమ్మకం. నిజం చెబితే నవ్వడమంటే ఇదే. అందుకని ఇది రాయాల్సి వచ్చింది.

మా ఊరు తిరుత్తణికి పడమరగా, కొండ కనిపించేంత దూరంలో ఉంది. మా తాత మునిరత్నం నాయుడు ఊళ్ళో వేగంగా నడవడానికి పేరు మోసిన మనిషి. ఆయన ముందు పోతుంటే పంచె చెరగు వెనకాల ఎగురుకుంటూ వచ్చేది. నెమ్మదిగా నడిచేవాళ్ళంటే ఆయనకు గిట్టదు. పెళ్ళికి పోయినా చావుకు పోయినా అందరికంటే ముందు చేరి, వెనక వచ్చే వాళ్ళను తిట్టడం ఆయన అలవాటు. అలాంటి మనిషి ఒక రోజు గడ్డివామి మీదికెక్కి గడ్డి లాగుతూ, లాగిన గడ్డితో పాటు తనూ జారి కిందికొచ్చాడు. ముంగాలు ఎముక విరిగింది. వెంటనే బండి కట్టి, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరుకు తీసుకుపోయారు. ఆకుపసరు, కోడిగుడ్ల తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టి పంపించారు. వాకిలి పక్కన వసారాలో నులక మంచం వేశాం. ఆ ఎండాకాలమంతా మా ఇల్లు ఆ పసరు వాసన, పచ్చి గుడ్డు వాసన, పొద్దున్నే అవ్వ కలిపే కాఫీ వాసన, తాత ముక్కుపొడుం వాసన, అన్నీ కలిసిన ఒక వింత వాసనతో నిండిపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి గుడ్డు పగలగొడితే నాకు నవ్వొస్తుంది.

మా అవ్వ చెంగమ్మ తాతతో నేరుగా మాట్లాడేది కాదు. కోపమేమీ లేదు, ఆ కాలపు మర్యాద. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. ఎక్కువగా అది నేనే. ఆయన మూడడుగుల దూరంలో ఉన్నా, "పాపా, మీ తాతకు చెప్పు, కాఫీ ఆరిపోతా ఉండాదని" అనేది. నేను నోరు తెరిచేలోపల ఆయన గ్లాసు అందుకునేవాడు. కట్టు కట్టి తెచ్చిన రోజే అవ్వ తిరుత్తణి కొండ వైపు తిరిగి దండం పెట్టి మొక్కుకుంది. కొండ మీద జరిగే ఆడికృత్తిక పండక్కి ఈయన భుజాన పువ్వుల కావడి ఎత్తించి, మెట్ల దారిన నడిపించి కొండెక్కిస్తానని. అది విన్న తాత మంచం మీద నుంచే ఎగిరిపడ్డాడు. "కాలు నాది. మొక్కు నీదా? మొక్కుకునేదేందో నీ కాలుతో మొక్కుకోగూడదా?" అని. "పాపా, మీ తాతకు చెప్పు. నా కాలు బాగానే ఉండాది, దాంతో మొక్కుకుంటే సామి నవ్వతాడని" అంది అవ్వ.

వారాలు గడిచాయి. కట్లు మార్చారు, చివరికి విప్పారు. ఎముక చక్కగా కూడింది, ఇక నేల మీద అడుగు పెట్టి నడవమన్నారు. ఆ రోజు ఇంట్లో పాయసం చేశారు. తాత మంచం దిగి నిలబడ్డాడు. వారాల తరబడి కదలని కాలు, సన్నగా తెల్లగా, ఆయనది కానట్టు ఉంది. ఒక్క అడుగు వేశాడు, మోకాలు మడతపడింది, దబ్బున మంచం మీద కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. అయితే ఆయన మొహం నేను చూశాను. నాకు తెలిసిన తాత మొహంలో భయం ఎప్పుడూ లేదు, ఆ రోజు ఉంది. ఆ తర్వాత లేవమంటే, "ఇంకా పచ్చిగా ఉండాది" అనేవాడు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. గదిలోకి పోవాలన్నా పెరట్లోకి పోవాలన్నా మా నాన్న, పాలేరు చెరో పక్క పట్టి కుర్చీతో సహా మోసుకుపోవాలి. అవ్వ పైకి ఏమీ అనేది కాదు గానీ, పొయ్యి దగ్గర కూర్చుని ఒంటరిగా కళ్ళొత్తుకునేది. ఇక ఈ మనిషి లేవడేమోనని ఆమె దిగులు. లేవకపోతే కావడి సంగతి అటుంచి, అంత వేగంగా నడిచిన మనిషి మంచానికి అంటుకుని ఎన్నాళ్ళుంటాడు?

ఇక బాతుల సంగతి. మా వైపు వరికోతలైపోయాక బాతులవాళ్ళు మందలు తోలుకుని వచ్చేవాళ్ళు. రాలిన గింజలు, నత్తలు తింటూ మడి నుంచి మడికి పోయే మందలు అవి. మా మళ్ళలో దిగినందుకు పోతూ పోతూ గంపెడు గుడ్లిచ్చి పోయారు. మా చిన్నత్త సరోజకి బాతులు పెంచాలని సరదా పుట్టింది. మందల్లో తిరిగే ఆ బాతులకు గుడ్లు పెట్టడమే తెలుసు, పొదగడం తెలియదు. అందుకని ఎవరైనా వాటిని కోడి కిందే వేస్తారు. మా నల్లపెట్ట పొదుగు మీదుంది. దాని గుడ్లు తీసేసి ఈ గుడ్లు పెట్టాలి. అక్కడే అవ్వకు జాలి పుట్టింది. "దాని బిడ్డలొకటో రెండో లేకపోతే పావం గదా" అని కోడిగుడ్లు రెండు కూడా అందులో వేసింది. జాలిపడింది సరే, ఒక సంగతి మరిచిపోయింది. కోడిపిల్ల మూడు వారాలకే వచ్చేస్తుంది. బాతుపిల్లకు నాలుగు వారాలు పడుతుంది. సరిగ్గా మూడు వారాలకు కోడిపిల్లలు రెండూ బయటికొచ్చాయి. నల్లపెట్ట లేచింది, రెక్కలు దులుపుకుంది, పిల్లల్ని వెంటేసుకుని పెంటకుప్ప మీదికి ఊరేగింది. దాని లెక్క ప్రకారం దాని పని అయిపోయింది. మళ్ళీ తెచ్చి కూర్చోబెడితే మా చిన్నత్త ముంజేతిని పొడిచి పారిపోయింది. గంపలో బాతుగుడ్లు దిక్కులేకుండా మిగిలాయి, ఇంకో వారం వెచ్చదనం కావాలి.

అందరం గంప చుట్టూ కూర్చున్నాం. చిన్నత్త ఏడుపు మొహం పెట్టింది. ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఏదో కదులుతోంది. అవ్వ గుడ్ల వైపు చూసింది. వసారాలో మంచం వైపు చూసింది. మళ్ళీ గుడ్ల వైపు చూసింది. నాకు ఆ చూపు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. లేచి, పాత చీరను చుట్టకుదురులాగా చుట్టి, అందులో గుడ్లు సర్ది, తాత పొట్టకు ఆనించి పెట్టి, పైన కంబళి కప్పేసింది. బయట కత్తిరి ఎండలు మండిపోతున్నాయి. "నన్నేమనుకున్నావే? మనిషిననుకున్నావా, పెట్టననుకున్నావా?" అని తాత అరిచాడు. "పాపా, మీ తాతకు చెప్పు" అంది అవ్వ, కంబళి అంచులు చక్కదిద్దుతూ. "పెట్టకయితే రోజుకొకసారి దిగి గింజలు తినొచ్చే పనుండాది. ఈయనకు అది కూడా లేదు గదా." చిన్నత్త నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడ ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది.

తాత ఆ పూటంతా సణుగుతూనే ఉన్నాడు. అయితే కదల్లేదు. కదిలితే గుడ్లు పగులుతాయి. పగిలితే పంచె పాడవుతుందని కదల్లేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మర్నాటికి, "ఈ పక్కది చల్లగా ఉండాదే, మధ్యలోకి జరపండి" అన్నాడు. ఆ మర్నాటికి పొద్దునా సాయంత్రం గుడ్లు తిప్పే పని తనే చేసుకుంటున్నాడు. ఒక్కోదాన్ని చెంపకు ఆనించి వెచ్చదనం చూసేవాడు. ఇంకో చిక్కొచ్చింది. బాతు అయితే నీళ్ళలో తడిసి వచ్చి కూర్చుంటుంది గనక ఆ తడి గుడ్లకు తగలాలట. అవ్వ చెంబులో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, కంబళి ఎత్తి చిలకరించేది. గుడ్ల మీద పడింది కొంచెం, తాత మీద పడింది కొంచెం. అవ్వ గురి తప్పుతోందా, కావాలని చేస్తోందా అన్నది మా ఇంట్లో ఎప్పటికీ తేలలేదు. అన్నిటికంటే పెద్ద వింత ముక్కుపొడుం. పొడుం పీలిస్తే తుమ్మొస్తుంది, తుమ్మితే పొట్ట ఎగురుతుంది, పొట్ట ఎగిరితే గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. పెళ్ళయిన నాటి నుంచీ అవ్వ బతిమాలినా మానని పొడుం, ఆయన తనంతట తానే డబ్బాతో సహా నా చేతికిచ్చి దాచమన్నాడు. అవ్వ దేవుడి పటాల వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నాకీ ఉపాయం తోచనియ్యలేదే సామీ" అంది.

ఆయన వాటితో మాట్లాడేవాడు కూడా. అదీ అరవంలో. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట రానివ్వని మనిషి కంబళిలోకి వంగి "వాడా కణ్ణా, వా, వా" అని, రారా కన్నా అని, పిలుస్తుంటే మా నాన్న ఆగలేక అడిగాడు. తాత గంభీరంగా, "బాతులోళ్ళ బాతులు గదరా ఇవి. వాళ్ళు అరవమోళ్ళు. వీటికి తెలుగెట్ల తెలుస్తాది?" అన్నాడు. ఆ వారంలోనే పొన్నేరి నుంచి గోవిందు మామ పలకరించడానికి వచ్చాడు. భారీ మనిషి. అరటిపళ్ళ హస్తం చేతిలో పెట్టి, అలవాటుగా మంచం మీద కూర్చోబోయాడు. "కూచోవద్దు!" అని నలుగురం ఒక్కసారే అరిచాం. బిత్తరపోయి నిలబడ్డాడు. కారణం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, పెద్దమనిషి పరువు గదా. కాలి సంగతి, పంట సంగతి మాట్లాడుతుండగా కంబళిలోంచి కీచ్ మని వినిపించింది. గుడ్డులో పిల్ల బయటికొచ్చే ముందు లోపల నుంచే అరుస్తుందని మాకు అప్పటిదాకా తెలియదు. మళ్ళీ కీచ్ కీచ్. గోవిందు మామ తాత పొట్ట వైపు చూసి, జాలిగా గొంతు తగ్గించి, "గ్యాసా మామా? వాము నీళ్ళు తాగితే కొంచం అణుగుతాది" అన్నాడు. తాత కళ్ళు మూసుకున్నాడు. మా చిన్నత్త ఈసారి వంటింటి దాకా కూడా పోలేకపోయింది, అక్కడే గుంజ పట్టుకుని జారిపోయింది. గోవిందు మామ పొన్నేరి పోయి తాతకు లోపల ఏదో పెద్ద జబ్బేనని చెప్పాడట.

కోమల ఇంట్లో ఆ పెట్టెను చూస్తూ నేను ఇదంతా తలుచుకున్నాను. ఆ పెట్టె మంచిదే, అబద్ధమెందుకు. వేడి తగ్గితే అదే పెంచుకుంటుంది, గుడ్లు అదే తిప్పుకుంటుంది, తడి ఆరిపోతే కూత పెడుతుంది. తుమ్మదు. మా రోజుల్లో అంతా గొప్పగా ఉండేదని చెప్పే ముసలివాళ్ళంటే నాకు చిరాకు. మా రోజుల్లో కోడి లేచిపోతే గుడ్లు చచ్చేవి, అంతే. అయితే ఒక్క తేడా ఉంది. పిల్లలన్నీ వచ్చేశాక కోమల పెట్టె వైరు లాగేసి, తుడిచి, అటక మీద పెట్టేసింది. మా పెట్టెకు అలా కుదరలేదు. ఎందుకంటే గుడ్లు వచ్చినప్పటి నుంచీ తాతకు గట్టి సాకు దొరికింది. లేచి ఒక్క అడుగు వెయ్యమని మా నాన్న అడిగితే, "చూస్తా ఉండావు గదరా, యాడికి లేచేది?" అని కంబళి చూపించేవాడు. గుడ్లు పగిలి పిల్లలొచ్చేస్తే ఏం చెబుతాడని ఇంట్లో అందరం ఎదురుచూస్తున్నాం.

పిల్లలొచ్చాయి. ఒక పొద్దున తాత కేక విని పరిగెత్తాం. కంబళి ఎత్తితే పొట్ట మీద తడిసిన బొచ్చుతో ఒకటి, ఆయన చంకలో దూరి ఇంకొకటి. మధ్యాహ్నానికల్లా అన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. దాని పెంకుకు చిల్లు పడింది, ముక్కు కనిపించింది, అక్కడితో ఆగిపోయింది. వచ్చిన వాటిని మంచం పక్కనే గంపలో వేశాం. అవ్వ, "పాపా, మీ తాతకు చెప్పు. అన్నీ వచ్చినాయి, ఇంక లెమ్మని" అంది. "ఒకటుండాది గదా" అన్నాడు తాత. సాయంత్రమైంది. "ఒకటుండాది గదా." అవ్వకు ఒళ్ళు మండింది. ఆయన అటు తిరిగి నీళ్ళు తాగుతుండగా గుడ్డు తీసుకుని గోటితో పెంకు కొంచెం పెళ్ళగించింది. పొర మీద సన్నటి ఎర్ర గీత తేలింది. నెత్తురు. అవ్వ చెయ్యి ఆగిపోయింది. తాత చూశాడు. "ముట్టుకోవద్దే! లోపల ఇంకా పని ఉండాది దానికి. టైమొస్తే అదే వస్తాది, దాన్ని పీకితే ఎట్ల?" అవ్వ గుడ్డును మెల్లగా కంబళిలో పెట్టేసింది. అప్పుడు మొదటిసారి, నా వైపు చూడకుండా నేరుగా ఆయనతోనే అంది. "అది గుడ్డులో ఉండాది గనక టైము పడతాది. నువ్వు యాడుండావని నీకింత టైము?"

గంపలో పిల్లలు ఆగకుండా అరుస్తున్నాయి. తాత కంబళి గొంతు దాకా లాక్కుని గోడ వైపు తిరిగాడు. ఆయన చెప్పిన మాట నిజమేనని ఇప్పుడు నాకు తెలుసు. నెత్తురు కనిపించిందంటే పిల్ల ఇంకా సిద్ధంగా లేదని, తొందరపడకూడదని. అయితే ఆయన ఆ మాట చెప్పింది గుడ్డు కోసం ఎంతో, తన కాలి కోసం అంతే. అది చిన్నపిల్లనైన నాకూ అర్థమైంది, ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు పొద్దెక్కేసరికి నెత్తురు గీత మాయమైంది. కానీ అవ్వ పెళ్ళగించిన చోట గాలి తగిలి పొర ఎండిపోయింది. గోధుమరంగు కాగితంలాగా మారి పిల్ల బొచ్చుకు అంటుకుపోయింది. పిల్ల తల తిప్పలేకపోతోంది. గొంతు నిన్నటిలా లేదు, చాలా సేపటికి ఒక్కసారి సన్నగా అంటోంది. తాత గుడ్డును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అవ్వ గుమ్మంలో నిలబడింది. ఆయన ఆగితే చాలు. ఇంకో పూట ఆగితే అది చచ్చిపోతుంది, ఆ తర్వాత ఏదో ఒక సాకు దొరక్కపోదు. సాయం చేస్తే బతుకుతుంది, ఆయన చేతిలో ఏ సాకూ మిగలదు. తాత గుడ్డు మీది నుంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు. "సరోజా, గోరువెచ్చటి నీళ్ళు తే. పాత పంచె గుడ్డ తే, మెత్తటిది."

గుడ్డ తడిపి, పిండి, పొర మీద అద్దాడు. అద్దుతూనే ఉన్నాడు. ఎండిన పొర మెత్తబడి మళ్ళీ పలచనైంది. వారాల తరబడి మంచం మీదే ఉండి పెరిగిన బొటనవేలి గోటితో, చిల్లు అంచు నుంచి ఒక్కో పెంకుముక్క ఎత్తడం మొదలుపెట్టాడు. రెండు ముక్కలు తీసి ఆగేవాడు, నెత్తురేమైనా కనిపిస్తుందేమోనని చూసేవాడు, మళ్ళీ తడి అద్దేవాడు. ఎంత తొందర మనిషో తెలుసు గదా. ఆ తొందరంతా ఎటు పోయిందో. మా నాన్న "కొంచం గట్టిగా లాగు నాయనా" అంటే, "నోరు మూసుకో రా" అన్నాడు. ముక్కు వచ్చింది, కన్ను వచ్చింది, మెడ నిటారుగా లేచి వాలిపోయింది. సగం గుడ్డు ఒలిచేసరికి తాత చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఇంక చాలు. కాళ్ళు మాత్రం అదే తన్నుకోని రావల్ల. ఆ తన్ను తన్నకపోతే దానికి కాళ్ళు రావు" అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో తనకే వినిపించినట్టుంది. తర్వాత ఉన్నట్టుండి అరవంలో పెద్దగా అరిచాడు. "ఉదైడా! ఉదైడా కణ్ణా!" తన్నమని. మేమందరం అందుకున్నాం. మా నాన్న, చిన్నత్త, నేను, పాలేరు, అవ్వ కూడా. దారిన పోయేవాళ్ళు వాకిట్లో గుమిగూడారు, వాళ్ళూ ఏమిటో తెలియకుండానే అరిచారు. పిల్ల ఒక్కసారి వణికింది, కాళ్ళు చాపింది, మిగిలిన పెంకు ఎగిరి తాత గడ్డానికి తగిలింది.

అందరం ఎగిరి గంతులేశాం. చిన్నత్త ఎవరినో కౌగిలించుకుంది, చూస్తే పాలేరు, సిగ్గుపడి వదిలేసింది. ఆ గొడవలో గంప తిరగబడి పిల్లలన్నీ వసారా అంతా చెల్లాచెదురయ్యాయి. తాత మాత్రం ఆ తడి పిల్లను గుడ్డతో తుడిచి, అవ్వ కొంగులో పెట్టాడు. ఖాళీ పెంకు వైపు చూశాడు. కంబళి తీసి పక్కన పడేశాడు. "చెయ్యియ్యి" అన్నాడు అవ్వతో. మధ్యలో నా పేరు లేదు, ఎవరి పేరూ లేదు. అవ్వ ఒక చేత్తో కొంగు పట్టుకుని రెండో చెయ్యి అందించింది. ఆయన రెండు కాళ్ళూ మంచం కిందికి దించాడు. గుడ్డులో ఉన్నప్పటి నుంచీ ఆయన గొంతు వింటూ పెరిగిన పిల్లలు, ఎక్కడెక్కడివి అక్కడి నుంచి పరిగెత్తుకొచ్చి ఆయన పాదాల చుట్టూ మూగాయి. లేచి నిలబడ్డాడు. మోకాలు వణికింది, ఈసారి మడతపడలేదు. అడుగు వెయ్యడానికి కాలు ఎత్తాడు. ఎక్కడ పెట్టాలి? ఎత్తిన పాదం కింద ఒకటి, పక్కన రెండు. పడిపోతానన్న భయం ఆయన మొహంలో వెతికినా లేదు. కాలి కింద పిల్ల నలిగిపోతుందేమోనన్న భయమొక్కటే ఉంది. "జరగండే, నా యమ్మల్లారా! చోటియ్యండే!" అని అరుస్తూ, కాలు ఎత్తకుండా, నేల మీద జరుపుకుంటూ జరుపుకుంటూ, పిల్లల్ని పాదంతో మెల్లగా పక్కకు నెట్టుకుంటూ వసారా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. అవ్వ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ చేసిందని ఇప్పుడనుకుంటాను.

ఆ తర్వాత తాత బతికినన్నాళ్ళూ ఇంట్లో కాలు ఎత్తి నడవలేదు. బాతులు పెరిగి, గుడ్లు పెట్టి, ముసలివై పోయాయి. అయినా ఆయన ఇంట్లో అలాగే పాదాలు నేలకు రాసుకుంటూ నడిచేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి ఎముక సరిగ్గా కూడలేదేమో అని చెవులు కొరుక్కునేవాళ్ళు. ఆడికృత్తికకు ఆయన్ను కొండ మీద చూసినవాళ్ళు మాత్రం అలా అనలేదు. పువ్వుల కావడి భుజానికెత్తుకుని, ఒక్కో మెట్టుకూ కాలు పూర్తిగా ఎత్తి, మా అందరికంటే ముందు పైకి చేరి, ఎప్పటిలాగే వెనక వచ్చేవాళ్ళను తిట్టాడు. అవ్వ ఆయాసపడుతూ, "ఏమయ్యా, నిదానంగా పో" అని నేరుగా ఆయన్నే కేకేసింది. ఇప్పుడు నాకు ఇంచుమించు తాత వయసు. ఎగుడుదిగుడు లేని ఇళ్ళలో, నున్నటి టైల్సు మీద, ఎవరి కాళ్ళకూ ఏదీ అడ్డం రాని కాలంలో తిరుగుతున్నాను. బాగానే ఉంది. కావడి ఎత్తిన ఆ సాయంత్రం కొండ దిగి, బస్సు దిగి, ఊళ్ళోకి టకటకా నడిచొచ్చిన తాత, గడప దాటి లోపలికి అడుగు పెట్టాడో లేదో, పాదాలు మళ్ళీ నేలకు ఆనించి, మెల్లగా, కింద చూసుకుంటూ, మంచం దాకా జరుపుకుంటూ పోయాడు.